జరిగిన ఫౌల్, జరగబోయే ఫౌల్

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో కోచ్ లేచి నిలబడి రిఫరీ మీద కేకలు వేస్తున్నాడంటే దేని గురించి? ఇప్పుడే ఊదిన విజిల్ గురించే అని చూసేవాళ్లంతా అనుకుంటారు. కానీ ఆ విజిల్ వెనక్కి రాదని అందరికంటే బాగా తెలిసింది ఆ కోచ్‌కే. ఏళ్ల తరబడి బెంచ్ మీద కూర్చున్న మనిషికి, తన కేక విని రిఫరీ ఫౌల్ రద్దు చేసిన సందర్భం వెతికినా దొరకదు. అయినా అరుస్తాడు. ఎందుకంటే ఆ అరుపు జరగబోయే ఫౌల్ కోసం. రెండు నిమిషాల్లో అవతలి బాస్కెట్ కింద ఇలాంటిదే ఇంకో తోపులాట జరుగుతుంది. అప్పుడు రిఫరీ ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, ఇప్పటి అరుపు గిట్టుబాటైనట్టే. నోటితో చేసే ఫిర్యాదు చాలాసార్లు రాబోయే తీర్పుకు ముందుగా ఇచ్చే బయానా. ఈ సంగతి తెలిసిన రిఫరీకి కోచ్‌ను ఎలా సంభాళించాలో సగం తెలిసినట్టే. తెలియని రిఫరీ, పాత ఫౌల్ సరైనదేనని నిరూపించే పనిలో పడి కొత్త ఫౌల్ దగ్గర దొరికిపోతాడు.

ఈ అధ్యాయం రిఫరీల కోసం మాత్రమే రాసింది కాదు. హైదరాబాద్ లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే యజమాని, ఏ కుర్రాడికి ఏ రోజు సెలవివ్వాలో నిర్ణయించాలి. హెడ్మాస్టరు ఏ టీచరుకు ఏ క్లాసు ఇవ్వాలో చెప్పాలి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఎవరి బండి ఎక్కడ నిలపాలో తేల్చాలి. వీళ్లందరికీ బెంచ్ దగ్గర నిలబడ్డ కోచ్ ఒకరుంటారు. అయితే మిగతావాళ్లకు లేని ఇబ్బంది రిఫరీకి ఉంది. నలుగురి ముందూ వినాలి, అక్కణ్ణుంచి వెళ్లిపోవడానికి లేదు, ఆలోచించుకుని రేపు చెబుతాననడానికి లేదు. ఇంత ఇరుకులో పనిచేసేవాళ్లు కనిపెట్టుకున్న పద్ధతులు, కాస్త తీరిక ఉన్న మనకు తప్పకుండా పనికొస్తాయి.

అరుపు నిజంగా పనిచేస్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి. పనిచేయకపోతే ఇంత ఆలోచన అక్కర్లేదు. 2002లో ఇంగ్లండ్‌లో నెవిల్, బామర్, విలియమ్స్ అనే పరిశోధకులు అర్హత పొందిన 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకు ఒక లివర్‌పూల్ మ్యాచ్ వీడియో చూపించి, ఏది ఫౌలో ఏది కాదో చెప్పమన్నారు. కొందరికి జనం హోరుతో, కొందరికి నిశ్శబ్దంగా అవే దృశ్యాలు చూపించారు. హోరు విన్నవాళ్లు సొంత ఊరి జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు, వినని వాళ్లకంటే 15.5 శాతం తక్కువ. ఆ గదిలో వాళ్లను ఎవరూ బెదిరించలేదు, ఎవరితోనూ వాళ్లకు పని లేదు. అయినా చెవిలో పడ్డది కంటి మీద పనిచేసింది. బాస్కెట్‌బాల్‌లో 2009లో ఆండర్సన్, పియర్స్ అచ్చువేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. అమెరికా కాలేజీ జట్ల 2004-05 సీజన్‌లో 365 మ్యాచ్‌లు పరిశీలిస్తే, ఒక జట్టుకు ఫౌళ్లు ఎక్కువైన కొద్దీ తర్వాతి విజిల్ అవతలి జట్టు మీద పడే అవకాశం పెరుగుతూ వచ్చింది. తెలియకుండానే లెక్క సరిచేస్తున్నారన్నమాట. “మా మీదే ఊదుతున్నారు” అన్న కోచ్ మాట సరిగ్గా ఈ తూకం మీదే వేలు పెడుతుంది. రిఫరీలు నిజాయితీ లేనివాళ్లని ఈ అధ్యయనాలు చెప్పడం లేదు. నిజాయితీ ఉన్నా ప్రభావం పడుతుందని చెబుతున్నాయి. నాకు ఇదే ఎక్కువ ఆందోళన కలిగించే విషయం. తాను ఎవరి మాటా వినే రకం కాదని నమ్మే మనిషి, తన మీద పడిన ప్రభావాన్ని ఎప్పటికీ వెతుక్కోడు.

హైదరాబాద్ పాతబస్తీలో మూసీ ఒడ్డున హైకోర్టు ఉంది. దానికి దగ్గర్లో సిటీ కాలేజీ, ఆ చేరువలోనే కులీ కుతుబ్ షా స్టేడియం. రెండు రకాల తీర్పులు ఇక్కడ కూతవేటు దూరంలో నడుస్తాయి. హైకోర్టులో రెండు పక్షాల వాదనా విని, కారణాలు రాసి మరీ తీర్పు చెబుతారు. నచ్చకపోతే సుప్రీంకోర్టు ఉంది. స్టేడియంలో అర సెకనులో తీర్పు వస్తుంది, రాతపూర్వక కారణం ఉండదు, అప్పటికప్పుడు పైకి వెళ్లే దారి కూడా ఉండదు. ఓడినవాడికి కోర్టు ఇచ్చే ఊరట, తన మాట విన్నారన్న ఊరట, మైదానంలో దొరకదు. ఆ లోటులోంచే సగం కేకలు పుడతాయి. రిఫరీ జడ్జిలా వాదన వినలేడు, వింటే ఆట ఆగిపోతుంది. అసలు వినకపోతే ఆట మీద నమ్మకం పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని జాగాలోనే అతని నేర్పంతా ఉంది.

ఆ నేర్పుకు హైదరాబాద్‌లో పెద్ద నిదర్శనం బాస్కెట్‌బాల్‌లో కాక ఫుట్‌బాల్‌లో కనిపిస్తుంది. సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి కొడుకు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల జట్టుకు పి.కె. బెనర్జీ కింద సహాయ కోచ్‌గా పనిచేశారు, తర్వాత మహీంద్రా జట్టుకు కోచ్ అయ్యారు. ఆయనే ఫిఫా బ్యాడ్జ్ ఉన్న అంతర్జాతీయ రిఫరీ కూడా. 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో విజిల్ పట్టారు. ధ్యాన్‌చంద్ అవార్డు 2017లో వచ్చింది, 2021 ఆగస్టులో కన్నుమూశారు. ఆటగాడు, కోచ్, రిఫరీ అనే మూడు చోట్లా నిలబడ్డవాళ్లు ప్రపంచంలోనే తక్కువ. అలాంటి జీవితం మనకు చెప్పేదేమిటంటే, కోచ్, రిఫరీ అనేవి రెండు జాతులు కావు, ఒకే మనిషి వేసుకునే రెండు చొక్కాలు. మన స్కూల్ గేమ్స్ పోటీల్లో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పొద్దున ఒక మ్యాచ్‌కు విజిల్ ఊదిన పీఈటీ సారే మధ్యాహ్నం తన బడి పిల్లల పక్కన నిలబడి ఇంకో పీఈటీని నిలదీస్తారు. బెంచ్ మీద కూర్చున్నవాడికి తెలిసిన రహస్యం ఒకటుంది. కోచ్ అరిచేటప్పుడు వినాల్సింది రిఫరీ ఒక్కడే కాదు. తన ఆటగాళ్లు వినాలి, “సార్ మన వైపు నిలబడ్డారు” అనుకోవాలి. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు వినాలి. ఈ సంగతి తెలిసిన రిఫరీ ప్రతి మాటనూ తన మీదికే తీసుకోడు.

ఇక పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కోచ్ నోటి నుంచి వచ్చేవి మూడు రకాలు. ఒకటి ప్రశ్న, రెండోది గొణుగుడు, మూడోది అవమానం. అనుభవం ఉన్న రిఫరీ ఒక్కోదానికి ఒక్కో తీరులో స్పందిస్తాడు. “క్యా సాబ్, యే ఫౌల్ నై క్యా?” అని కోచ్ అడిగాడనుకోండి, స్వరం ఎంత పెద్దదైనా అది ప్రశ్నే. దానికి జవాబు ఉండాలి. బంతి ఆగిన వేళ, గడియారం నిలిచిన వేళ బెంచ్ పక్కగా వచ్చి, కోచ్‌కు ఎదురుగా ముఖంలో ముఖం పెట్టకుండా అతని పక్కన, ఇద్దరూ కోర్టు వైపు చూసేలా నిలబడి, విజిల్ నోట్లోంచి తీసి, “చెయ్యి ముందు బంతికి తగిలింది సార్, నాకు కనబడింది అదే” అంటే చాలు. ఆ ఒక్క వాక్యంలో చూసింది ఉంది, వివరణ ఉంది, వాదన లేదు. కోచ్ రెండోసారి అదే అడిగితే రెండో వాక్యం ఉండదు. “చూస్తూనే ఉంటా” అని కదిలిపోతాడు. ఆ మాటలో ఫౌల్ ఇస్తానన్న హామీ లేదని, గమనిస్తానన్న హామీ మాత్రమే ఉందని ఇద్దరికీ తెలుసు. గొణుగుడుకు జవాబు అక్కర్లేదు. “పొద్దుట్నుంచీ ఇదే కథ” అని కోచ్ తనలో తాను అనుకుంటే అది రిఫరీని అడిగింది కాదు. దానికీ జవాబిచ్చేవాడు మ్యాచంతా జవాబులు ఇస్తూనే ఉండాలి. “శాంతంగా ఉండండి” అనడం మాత్రం ఎప్పుడూ పనిచేయదు. అరుస్తున్న మనిషికి ఆ మాట ఇంకో ఫౌల్ లాగే వినబడుతుంది.

మూడో రకం దగ్గర మాట ఆగి నియమం మాట్లాడాలి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాల్లో రిఫరీ హెచ్చరికను లెక్కచేయకపోవడం, అధికారులతో మర్యాద తప్పి మాట్లాడడం టెక్నికల్ ఫౌల్ కిందికి వస్తాయి. అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో దక్కుతుంది. కోచ్ తన సొంత ప్రవర్తనకు రెండు టెక్నికల్ ఫౌళ్లు తెచ్చుకుంటే మైదానం వదిలి వెళ్లాలి. ఇందులో నన్ను ఆకట్టుకునేది శిక్ష కాదు, శిక్ష వేసే తీరు. విజిల్ ఊది, రెండు చేతులతో ‘టీ’ గుర్తు చూపి, స్కోరర్ టేబుల్‌కు చెప్పి, రిఫరీ ఆ బెంచ్‌కు దూరంగా నడిచి వెళతాడు. వేలు చూపించడు, గొంతు పెంచడు, కోచ్ ముఖం చూసి ఇంకో మాట చేర్చడు. కోచ్‌తో మాట్లాడాల్సి వస్తే జోడీ రిఫరీ వచ్చి మాట్లాడతాడు. ఫౌల్ ఇచ్చిన మనిషీ, తిన్న మనిషీ ఆ రెండు నిమిషాలూ ఒకరికొకరు ఎదురుపడరు. మన ఇళ్లలో, ఆఫీసుల్లో శిక్ష వేసిన వెంటనే దాని మీద ఉపన్యాసం కూడా ఇస్తాం. మనిషికి శిక్ష కంటే ఉపన్యాసమే ఎక్కువ రోజులు గుచ్చుకుంటుంది.

రిఫరీ అంత చల్లగా ఎందుకు ఉండాలంటే, ఆ క్షణంలో అవమానం పడ్డవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే. క్రికెట్‌లో ఈ రెండు పనులనూ విడదీశారు. అంపైర్లు ఆరోపణ చేస్తారు, విచారణ మ్యాచ్ రిఫరీ చేస్తారు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019 మేలో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ. ఆ ఏడాది డిసెంబరులోనే పురుషుల వన్డేకు ఆ బాధ్యత నిర్వహించారు. ఆమె కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆటగాడు తిట్టింది తమను కాదు కాబట్టి కోపం అడ్డు రాదు. బాస్కెట్‌బాల్ రిఫరీకి ఆ సౌకర్యం లేదు. అందుకే అతను నియమాన్ని తనకూ కోపానికీ మధ్య అడ్డుగా నిలుపుకోవాలి. అలా నిలుపుకోలేకపోతే ఏమవుతుందో 1987 డిసెంబరులో ఫైసలాబాద్ టెస్టు చూపించింది. ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గాటింగ్, అంపైర్ షకూర్ రాణా ఒకరి మీదికి ఒకరు వేళ్లు చూపించుకున్నారు. క్షమాపణ చెప్పేదాకా మైదానంలోకి రానని అంపైర్ భీష్మించారు. ఒక రోజు ఆట మొత్తం పోయింది. ఎవరిది తప్పన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. నాకు కనబడేది ఒక్కటే. గొడవ నియమం గురించి మొదలై పరువు గురించి మారిన క్షణంలో అంపైర్ కూడా ఒక పక్షం అయిపోయారు. ఆ తర్వాత తీర్పు చెప్పేవాళ్లెవరూ మైదానంలో మిగలలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. కోచ్ చెప్పిందే నిజమైతే? రిఫరీ నిజంగానే చూడకపోతే? ఇది తప్పించుకోకూడని ప్రశ్న. స్కోరులో తప్పు పడటం, ఇవ్వాల్సిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం లాంటి కొన్ని పొరపాట్లను సరిదిద్దుకోవడానికి నియమాలే గడువు పెట్టి దారి ఇచ్చాయి. అలాంటిది ఎవరు చూపించినా వెంటనే సరిదిద్దాలి, అందులో చిన్నతనం లేదు. చూపు దాటిపోయిన ఫౌల్ సంగతి వేరు. దాన్ని వెనక్కి తేలేం. “అది నా కంట పడలేదు సార్” అని ఒప్పుకోవడం వరకే రిఫరీ చేతిలో ఉంది. ఆ మాట మ్యాచ్‌కు ఒకసారి చెబితే విలువ ఉంటుంది, నాలుగుసార్లు చెబితే తన పనే తనకు రాదని చెప్పుకున్నట్టు. అసలు ప్రమాదం దాని తర్వాత ఉంది. తప్పు జరిగిందని మనసులో ముల్లు గుచ్చుకున్న రిఫరీ, తర్వాత ఆ జట్టుకు ఏదో ఒకటి ఇచ్చి లెక్క సరిచేయాలనుకుంటాడు. మొదటి తప్పు కంటికి జరిగింది, రెండోది చేత్తో చేసినది. పైగా ఆ రెండో తప్పు వల్ల నష్టపోయే ఆటగాడికి మొదటి దానితో సంబంధమే లేదు. దుకాణంలో పోయిన వారం ఒక కుర్రాడికి అన్యాయం చేశానని ఈ వారం ఇంకో కుర్రాడి సెలవు తీసి వాడికిస్తే, ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. పోయిన వారం తప్పుకు క్షమాపణ అడగండి, వీలైతే నష్టం కట్టండి. ఈ వారం సెలవు మాత్రం ఈ వారం లెక్క ప్రకారమే ఇవ్వండి.

ఇంకొందరు దీనికి వ్యతిరేక దిక్కు నుంచి వస్తారు. అసలు వినడమెందుకు, విన్నకొద్దీ నెత్తికెక్కుతారు, నోరెత్తగానే టెక్నికల్ ఫౌల్ కొడితే అందరూ దారికొస్తారు అంటారు. క్రమశిక్షణ మీద వాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. పిల్లల మ్యాచ్‌లో కోచ్ బూతులు తిడుతుంటే తెలియనట్టు నటించే రిఫరీ, ఆ పిల్లలందరికీ కీడు చేస్తున్నాడు. కానీ ప్రశ్ననూ అవమానాన్నీ ఒకే గాటన కట్టడం క్రమశిక్షణ కాదు, బద్ధకం. నియమాల పుస్తకమే కెప్టెన్‌కు మర్యాదగా వివరం అడిగే హక్కిచ్చింది. టామ్ టైలర్ అనే పరిశోధకుడు షికాగోలో పదిహేను వందల మందికి పైగా పౌరులను ప్రశ్నించి 1990లో ఒక పుస్తకం తెచ్చారు. పోలీసులు, కోర్టుల విషయంలో జనం చట్టానికి లోబడడం అనేది, తమకు అనుకూలంగా తీర్పు వచ్చిందా లేదా అన్నదాని కంటే, తమతో న్యాయమైన పద్ధతిలో వ్యవహరించారా, తమ మాట విన్నారా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని ఆయన తేల్చారు. ఓడిపోయినవాడు కూడా ఆటలో మిగలాలంటే అతని మాట వినడం అవసరం. వినడం వేరు, లొంగడం వేరు. ఈ రెండూ ఒకటేనని భయపడేవాళ్లే చెవులు మూసుకుంటారు. తన తర్వాతి తీర్పు మీద పట్టున్న మనిషి ఎంతసేపైనా వినగలడు.

కొత్త రిఫరీ విషయంలో మాత్రం ఈ వాదనకు కొంత సవరణ అవసరమని ఒప్పుకుంటాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు, లేదా అమ్మాయి, తనకంటే రెండింతల వయసున్న కోచ్ ముందు ఒక్క వాక్యం మృదువుగా చెబితే దాన్ని భయం అనుకునే ప్రమాదం ఉంది. హైదరాబాద్ లాంటి చోట కోచ్‌లు, రిఫరీలు ఒకరికొకరు తెలిసినవాళ్లే. “మనవాడే కదా, చూసీచూడనట్టు పో” అన్న ఒత్తిడి అరుపుకంటే బలమైనది, ఎందుకంటే అది ప్రేమగా వస్తుంది. ఇలాంటి చోట మాటకంటే ముందు చేత పనిచేయాలి. మొదటి రెండు నిమిషాల్లోనే ఫౌల్‌కు ఎక్కడ గీత గీశారో రెండు జట్లకూ ఒకేలా చూపించాలి. విజిల్ గట్టిగా, చెయ్యి సూటిగా, సంజ్ఞ పూర్తిగా ఉండాలి. మ్యాచ్‌కు ముందు ఇద్దరు కోచ్‌లకూ ఒకే నమస్కారం, ఒకే నిడివి పలకరింపు. పాత పరిచయం ఉన్న కోచ్‌తో టీ తాగాలనుకుంటే మ్యాచ్ అయ్యాకే. చిన్నవయసులో పెద్దరికం గొంతుతో రాదు, ఇలాంటి చిన్న చిన్న సమానత్వాలతోనే వస్తుంది.

చివరగా, ఫిర్యాదుకు మ్యాచ్ బయట ఒక చోటు ఉండాలి. అది లేనప్పుడే మ్యాచ్ లోపల పేలుతుంది. ఫిబా పద్ధతిలో జట్టు అభ్యంతరం చెప్పాలంటే, ఆట ముగిసిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ ప్రధాన రిఫరీకి తెలియజేసి స్కోర్‌షీట్‌లో అందుకోసమే ఉంచిన గడిలో సంతకం పెట్టాలి. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2019-20 సీజన్ నుంచి కోచ్‌కు తీర్పును సమీక్షించమని కోరే హక్కిచ్చింది. కోరింది తప్పయితే ఒక టైమవుట్ పోతుంది, అంటే ఫిర్యాదుకు ధర ఉంది కాబట్టి ఆలోచించి వాడతాడు. క్రికెట్‌లో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది, అందులో హైదరాబాద్ భాగం ఉంది. సొంత దేశపు అంపైర్లు పక్షపాతం చూపుతారన్న ఫిర్యాదు దశాబ్దాల పాటు మైదానాల్లో కేకలుగానే మిగిలింది. పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ తటస్థ అంపైర్లు కావాలని పట్టుబట్టడంతో, 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు భారత్ నుంచి ఇద్దరు వెళ్లారు. ఒకరు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, ఇంకొకరు పీలూ రిపోర్టర్. 1994 నుంచి ప్రతి టెస్టుకూ ఒక తటస్థ అంపైరు, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అన్న పద్ధతి వచ్చింది. మైదానంలో ఎంత అరిచినా మారనిది, సరైన చోట అడిగితే నియమంగా మారింది.

హెడ్మాస్టరు టైమ్‌టేబుల్ మీద ఫిర్యాదులు శనివారం మూడు గంటలకు వింటానని బోర్డు మీద రాసి, ఆ గంటలో నిజంగా కుర్చీలో కూర్చుని, విన్నది పుస్తకంలో రాసుకుని, వారం లోపల అవునో కాదో చెబితే, మిగతా ఐదు రోజులూ వరండాలో ఆపి నిలదీసేవాళ్లతో “శనివారం రండి సార్” అనే హక్కు ఆయనకు వస్తుంది. శనివారం ఆ కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఆ హక్కు లేదు. సోమవారం వరండాలో వినబడే కేకలకు అప్పుడు టీచర్లను తప్పుపట్టలేం.